రేర్ ఎర్త్స్‌కు అల్యూమినియం పేచీ

అబుదాబిలో ఉంటున్న తెలుగువారికి మఫ్రఖ్ పేరు కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. కొందరికి అది పాత మఫ్రఖ్ ఆస్పత్రి. 2019లో దాని సేవలన్నీ షేక్ షఖ్బూత్ మెడికల్ సిటీకి మారిపోయినా పేరు మాత్రం నోటి నుంచి పోలేదు. మరికొందరికి అది ముసఫ్ఫా పక్కన ఉన్న వర్కర్స్ క్యాంపు, ఇంకొందరికి హైవే మీద కనిపించే ఒక బోర్డు. అరబీలో ఆ మాటకు కూడలి అని అర్థం, దారులు విడిపోయే చోటు. వేరు చేయడం అనే అర్థం ఉన్న ధాతువు నుంచి పుట్టిన మాట. అక్కడి నుంచి పడమరగా గువైఫాత్ రోడ్డు పట్టుకుంటే 200 కిలోమీటర్లు దాటాక రువైస్ రిఫైనరీ వస్తుంది. దుబాయ్ వైపు తిరిగితే దారిలో తవీలా, అక్కడ ఎమిరేట్స్ గ్లోబల్ అల్యూమినియం వారు 2019లో ప్రారంభించిన అల్యూమినా శుద్ధి కర్మాగారం.

ఈ రెండు పరిశ్రమలూ పక్కన పడేసే వ్యర్థాల్లో రేర్ ఎర్త్స్ ఉన్నాయి. రిఫైనరీలో బరువైన చమురును విడగొట్టడానికి వాడే ఎఫ్‌సీసీ ఉత్ప్రేరకంలో లాంథనం, సీరియం ఉంటాయి. అల్యూమినా తీశాక మిగిలే ఎర్ర మట్టిలో, మనవాళ్ళు రెడ్ మడ్ అని పిలిచేదానిలో, స్కాండియం మొదలుకొని పదహారు పదిహేడు మూలకాలు కొద్దికొద్దిగా ఉంటాయి. 2025లో చైనా గొళ్ళెం బిగించినప్పటి నుంచి మన విందుల్లో, వారాంతపు కబుర్లలో ఒక ప్రశ్న తరచు వినిపిస్తోంది: "ఈ చెత్తలోనే అంత సరుకుంటే మనమే ఎందుకు తీయకూడదు? విశాఖలో ఒక యూనిట్ పెడితే?" అడిగేవాళ్ళు అమాయకులు కారు. చాలామంది ఇంజనీర్లే. కొందరు దాచుకున్న డబ్బు పెట్టడానికి కూడా సిద్ధంగా ఉన్నారు. అందుకే ఈ ప్రశ్నకు జవాబు రాజకీయాల్లో కంటే బీకరులో వెతకడం మంచిదనిపించింది.

ముందు వార్తల సంగతి క్లుప్తంగా. 2025 ఏప్రిల్ 4న చైనా సమేరియం, గెడోలినియం, టెర్బియం, డిస్ప్రోసియం, లుటీషియం, స్కాండియం, ఇట్రియం అనే ఏడింటి మీద ఎగుమతి అనుమతుల నిబంధన పెట్టింది. కార్ల కంపెనీలకు వారాల్లోనే సెగ తగిలింది. అక్టోబరు 9న మరో ఐదింటిని జాబితాలో చేర్చి, తర్వాత అమెరికాతో మాటలు కుదిరాక నవంబరులో ఆ రెండో విడతను ఏడాది పాటు వాయిదా వేసింది. మొదటి విడతను మాత్రం వాయిదా వేయలేదు. ఇక మన దేశం 2025 నవంబరు 26న 7,280 కోట్ల రూపాయలతో అయస్కాంతాల పథకాన్ని ప్రకటించింది. ఏడాదికి 6,000 టన్నుల సింటర్డ్ మాగ్నెట్లు చేసే సామర్థ్యం దాని లక్ష్యం. 2026 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఒడిశా, కేరళ, తమిళనాడులతో పాటు ఆంధ్రప్రదేశ్‌కూ రేర్ ఎర్త్ కారిడార్ అన్నారు.

మన రాష్ట్రానికి ఈ కథలో చిన్న పాత్రేమీ లేదు. దేశంలో అంచనా వేసిన మోనజైట్ నిల్వలు 1 కోటి 31 లక్షల టన్నులైతే, అందులో 37 లక్షల టన్నులకు పైగా ఆంధ్రప్రదేశ్ తీరంలోని ఇసుకలోనే ఉన్నాయి. ఏ రాష్ట్రం కంటే కూడా ఇది ఎక్కువ. భావనపాడు, భీమునిపట్నం పేర్లు అణుఖనిజాల శాఖ వారి నివేదికల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి. శ్రీకాకుళం సరిహద్దు దాటగానే గంజాం జిల్లా ఛత్రపూర్‌లో ఐఆర్‌ఈఎల్ వారి ఇసుక ఖనిజాల కర్మాగారం ఉంది. విశాఖలో టొయోటా గ్రూపుకు చెందిన టొయోట్సు రేర్ ఎర్త్స్ ఇండియా, ఐఆర్‌ఈఎల్ నుంచి రేర్ ఎర్త్ క్లోరైడ్ కొని శుద్ధి చేసి జపాన్‌కు పంపుతూ వచ్చింది. ఆ ఎగుమతులు ఆపమని ఐఆర్‌ఈఎల్‌ను మన ప్రభుత్వం కోరినట్టు 2025 జూన్‌లో రాయిటర్స్ రాసింది. అదే విశాఖలో బార్క్ ఆవరణలో ఐఆర్‌ఈఎల్ నెలకొల్పిన సమేరియం కోబాల్ట్ అయస్కాంతాల ప్లాంటును 2023 మే 11న జాతికి అంకితం చేశారు. దాని సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. టన్నులు కాదు సుమా, కిలోలు. రక్షణ, అంతరిక్ష అవసరాలకు అది పనికొస్తుంది. స్కూటర్ల మోటార్లకు కాదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. నియోడిమియం అయస్కాంతం బరువులో సుమారు 30 శాతం నియోడిమియం, ప్రసియోడిమియం. 6,000 టన్నుల మాగ్నెట్లకు 1,800 టన్నుల లోహం కావాలి. అమెరికా భూగర్భ సర్వే లెక్క ప్రకారం 2024లో భారతదేశం తీసిన రేర్ ఎర్త్స్ మొత్తం 2,900 టన్నులు. మోనజైట్‌లో ఈ రెండు మూలకాల వాటా ఐదో వంతు కాబట్టి 580 టన్నులు. అంటే కావలసినదానిలో మూడో వంతు. ఇసుక ఎక్కువ తవ్వి, ఛత్రపూర్ తరహా కర్మాగారాలు ఇంకో రెండు కడితే ఈ లోటు పూడ్చవచ్చు. దానికి భీమిలి మత్స్యకారులు, శ్రీకాకుళం ఊళ్ళవాళ్ళు ఒప్పుకోవాలి. ఇసుక దిబ్బలు పోతే తుఫాను నీరు ఇళ్ళలోకి వస్తుందన్న వాళ్ళ భయంలో న్యాయం ఉంది. అది వేరే చర్చ.

కానీ లోటు పూడ్చలేనిది ఒకటుంది. వేడెక్కే మోటారులో అయస్కాంతం శక్తి కోల్పోకుండా ఉండాలంటే డిస్ప్రోసియం, టెర్బియం కొంచెం కలపాలి. మన బీచ్ ఇసుక మోనజైట్‌లో ఇవి దాదాపు లేనట్టే. ప్రపంచంలో ఇవి ఎక్కువగా వచ్చేది దక్షిణ చైనాలోని గన్జౌ ప్రాంతపు బంకమట్టి నుంచి, ఇటీవలి కాలంలో చైనా పక్కనే ఉన్న మయన్మార్ కచిన్ కొండల నుంచి. ఈ మట్టిలో రేర్ ఎర్త్ అయాన్లు ఖనిజంగా గట్టిపడి ఉండవు, బంకరేణువుల ఉపరితలానికి అంటుకుని ఉంటాయంతే. కొండకు రంధ్రాలు వేసి అమ్మోనియం సల్ఫేట్ నీళ్ళు పోస్తే అమ్మోనియం వాటి చోట కూర్చుని వాటిని కిందికి తోసేస్తుంది. తవ్వకం లేదు, పేలుడు లేదు. వినడానికి ఎంత సులువో. 2024 అక్టోబరులో అక్కడి పాంగ్వా పట్టణం కచిన్ తిరుగుబాటు సైన్యం చేతికి వచ్చింది. ఆ ప్రాంతం నుంచి నమూనాలు తెప్పించే అవకాశాన్ని చూడమని మన గనుల శాఖ ఐఆర్‌ఈఎల్‌నూ, మిడ్‌వెస్ట్ అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్ అనే ప్రైవేటు సంస్థనూ కోరినట్టు 2025 సెప్టెంబరులో రాయిటర్స్ వార్త. ఆ సరుకు నిజంగానే విశాఖ చేరితే దానితో పాటు ఒక పిలవని చుట్టం కూడా దిగుతుంది. దాని పేరు అల్యూమినియం.

బంకమట్టి అంటేనే అల్యూమినియం, సిలికాన్ల సమ్మేళనం. అమ్మోనియం సల్ఫేట్ నీళ్ళలో రేర్ ఎర్త్స్ దిగేటప్పుడు అల్యూమినియం అయాన్లు కూడా దిగుతాయి. రెండింటికీ మూడు ధనావేశాలే కాబట్టి ప్రవర్తనలో పోలికలు ఉంటాయి. బరువులో తక్కువే కదా అని తీసిపారేయకండి. 100 గ్రాముల రేర్ ఎర్త్స్‌కు 5 గ్రాముల అల్యూమినియం ఉందనుకుందాం. రేర్ ఎర్త్ పరమాణు భారం సగటున 140, అల్యూమినియానిది 27. పరమాణువుల లెక్కన చూస్తే నాలుగు రేర్ ఎర్త్‌లకు దాదాపు ఒక అల్యూమినియం. మనం పోసే రసాయనాలకు బరువుతో పనిలేదు, తలలే లెక్క.

సరే, వేరు చేయడం ఎలా? పాఠ్యపుస్తకం ప్రకారం చాలా తేలిక. ద్రావణం పీహెచ్‌ను నెమ్మదిగా పెంచుకుంటూ పోతే 3.5, 4 దగ్గర అల్యూమినియం హైడ్రాక్సైడ్ విరగడం మొదలై 5 దగ్గరకు వచ్చేసరికి దాదాపు పూర్తవుతుంది. రేర్ ఎర్త్స్ 6 దాటితే గాని కదలవు. మధ్యలో ఆపి వడకట్టుకుంటే సరి. చైనాలో చాలాకాలంగా చేస్తున్నదీ ఇదే, అమ్మోనియం బైకార్బొనేట్ పోసి.

గోదావరి వరద నీళ్ళలో పటిక తిప్పిన ఇళ్ళలో పెరిగినవారికి ఇందులోని చిక్కు నేను చెప్పకముందే తెలిసిపోవాలి. పటికలో ఉన్నది అల్యూమినియమే. బిందెలో నాలుగు తిప్పులు తిప్పితే అది జిగురుజిగురుగా, కంటికి కనపడీ కనపడని మేఘంలా విడిపోయి, నీళ్ళలోని మట్టినంతా తనకు అంటించుకుని అడుక్కు చేరుతుంది. మట్టిని పట్టే ఆ జిగురు రేర్ ఎర్త్ అయాన్లను మాత్రం ఎందుకు వదులుతుంది? అల్యూమినియం విరిగినప్పుడల్లా కొంత సరుకును కౌగిలించుకుని కిందికి దిగుతుంది. పైగా బైకార్బొనేట్ చుక్క పడిన చోట క్షణకాలం పీహెచ్ 7, 8కి పోతుంది. ట్యాంకు సగటు 5 చూపిస్తున్నా ఆ చుక్క చుట్టూ రేర్ ఎర్త్స్ కూడా విరుగుతాయి, మళ్ళీ కరిగేలోగా జిగురులో చిక్కుకుంటాయి. ఇక ఆ జిగురును వడకట్టడం ఫిల్టర్ ప్రెస్ దగ్గర పనిచేసినవాళ్ళకు తెలిసిన నరకం. గుడ్డ మూసుకుపోతుంది, ముద్దలో సగానికి పైగా నీరే ఉంటుంది, ఆ నీటిలోనూ సరుకే.

తీయకుండా వదిలేద్దామంటే అదీ కుదరదు. తర్వాతి మెట్టు సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్. పీ 507 లాంటి సేంద్రియ ఆమ్లాన్ని కిరోసిన్‌లో కలిపి, ద్రావణంతో వందల డబ్బాల్లో మళ్ళీమళ్ళీ కలియబెట్టి ఒక్కొక్క మూలకాన్నీ విడదీస్తారు. అల్యూమినియం అందులోకి వెళితే నూనెకూ నీటికీ మధ్య పెరుగు మీగడలా ఒక పొర కట్టి రెండూ విడిపోకుండా అడ్డం పడుతుంది. ఒక డబ్బాలో మొదలైన ఆ మీగడ వరుసంతా పాకుతుంది. దాన్ని తప్పించుకుని చివరి ఆక్సైడ్‌లోకి దూరిందా, కరిగించిన లవణంలో విద్యుత్ పంపి లోహం తీసేటప్పుడు అదీ లోహంగా మారి కూర్చుంటుంది. విచిత్రమేమిటంటే నియోడిమియం అయస్కాంతాల్లో కొద్దిగా అల్యూమినియం కావాలనే కలుపుతారు. వంటవాడు వేసిన ఉప్పు వేరు, బియ్యంలో ముందే ఉన్న ఉప్పు వేరు. ఎంత ఉందో తెలియనిదాన్ని ఎవరూ ఒప్పుకోరు.

ఇక్కడే సంక్లిష్టకారులు రంగంలోకి దిగుతాయి. ఇంటర్మీడియట్‌లో లైగాండ్‌లని చదువుకున్నవే. అల్యూమినియం గిన్నెలో చింతపండు పులుసు కాయకూడదని మన పెద్దవాళ్ళు ఎందుకన్నారు? చింతపండులోని టార్టారిక్ ఆమ్లం అల్యూమినియం అయాన్‌ను రెండు చేతులతో పట్టుకుని నీళ్ళలోకి లాగేస్తుంది. అలా పట్టుకున్న అయాన్ ద్రావణంలోనే ఉంటుంది, కానీ పీహెచ్ పెంచినా తేలికగా విరగదు. అంటే దానికి ముసుగు వేశామన్నమాట. నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లం చేసేదీ ఇదే పని. కిటుకు ఏమిటంటే ముసుగు అల్యూమినియానికే పడాలి, రేర్ ఎర్త్స్‌కు పడకూడదు. అప్పుడు బైకార్బొనేట్ పోస్తే రేర్ ఎర్త్ కార్బొనేట్ శుభ్రంగా విరిగి అడుక్కు చేరుతుంది. అల్యూమినియం నీటితో పాటు బయటికి పోతుంది. జిగురు లేదు, కౌగిలింత లేదు.

మొదట అందరికీ తట్టేది ఈడీటీఏ. బీఎస్సీ ప్రాక్టికల్స్‌లో నీటి కాఠిన్యం కొలిచిన ప్రతివారికీ చేతికి అలవాటైనదే. దురదృష్టవశాత్తు ఇక్కడ అది పనికిరాదనే చెప్పాలి. ఈడీటీఏతో బంధం ఎంత గట్టిదో చెప్పే స్థిరాంకాల సంవర్గమానం లాంథనానికి 15.5, నియోడిమియానికి 16.6, డిస్ప్రోసియానికి 18.3, లుటీషియానికి 19.8. అల్యూమినియం 16 పైచిలుకు, అంటే సరిగ్గా లాంథనానికీ నియోడిమియానికీ మధ్య. దొంగను పట్టమని పంపిన పోలీసు ముందు ఇంటి యజమానినే పట్టుకున్నట్టు, మనకు అన్నిటికంటే విలువైన డిస్ప్రోసియాన్ని అది అల్యూమినియం కంటే వంద రెట్లు గట్టిగా పట్టుకుంటుంది.

మరి ఏది పనికొస్తుంది? అల్యూమినియం అయాన్ చాలా చిన్నది. దాని వ్యాసార్థం 0.535 ఆంగ్‌స్ట్రామ్‌లు, లాంథనానిది 1.03, లాంథనైడ్లలో చిన్నదైన లుటీషియానిది 0.86. ఈడీటీఏ అయాన్ చుట్టూ ఐదు పరమాణువుల వలయాలు కడుతుంది, అవి పెద్ద అయాన్లకు నప్పుతాయి. సల్ఫోసాలిసిలిక్ ఆమ్లం, అసిటైల్ అసిటోన్ లాంటివి ఆరు పరమాణువుల వలయం కడతాయి. దానిలో చిన్న అయాన్ చక్కగా ఒదుగుతుంది. పైగా రెండూ ఆక్సిజన్‌తోనే పట్టుకుంటాయి, అల్యూమినియానికి ఆక్సిజన్ అంటే మహా ఇష్టం. అందుకే సల్ఫోసాలిసిలిక్ ఆమ్లం అల్యూమినియాన్ని రేర్ ఎర్త్స్ కంటే ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. బైకార్బొనేట్‌తో విరిచే ముందు దీన్ని ముసుగుగా వాడటం మీద చైనా పరిశోధకులు చాలాకాలంగా పనిచేస్తున్నారు.

అయితే ఒక మెలిక. అల్యూమినియం బద్ధకస్తురాలు. నీటిలో ప్రతి అయాన్ చుట్టూ నీటి అణువులు కాపలా ఉంటాయి, అవి మారుతూ ఉంటేనే కొత్త లైగాండ్ లోపలికి రాగలదు. రేర్ ఎర్త్స్ దగ్గర ఈ కాపలా సెకనుకు కోట్ల సార్లు మారుతుంది. అల్యూమినియం దగ్గర సెకనుకు సుమారు ఒక్కసారి. అందుకే ప్రయోగశాలలో అల్యూమినియాన్ని ఈడీటీఏతో కొలవాలంటే ఎక్కువ పోసి, మరగబెట్టి, మిగిలినదాన్ని జింకుతో వెనక్కు కొలుస్తారు, గుర్తుందా? ఫ్యాక్టరీలో అదే గొడవ. ముసుగు వేసి సమయమివ్వకుండా బైకార్బొనేట్ పోస్తే సగం అల్యూమినియం ముసుగు లేకుండానే విరుగుతుంది. వేడి చేయాలి లేదా ఆగాలి. రెండింటికీ ఖర్చే. ప్రయోగశాలలో 200 మిల్లీలీటర్లలో బ్రహ్మాండంగా వచ్చిన ఫలితం 200 ఘనమీటర్ల ట్యాంకులో ఎందుకు రాదని అడిగేవారికి జవాబుల్లో ఇదొకటి.

ఆక్సాలిక్ ఆమ్లం కథ ఇంకో రకం. అది ఒకే దెబ్బకు రెండు పనులు చేస్తుంది. రేర్ ఎర్త్ ఆక్సలేట్ కరగదు కాబట్టి అడుక్కు చేరుతుంది, అల్యూమినియం ఆక్సలేట్ సంక్లిష్టమై నీటిలో నిలుస్తుంది. శుద్ధి విషయంలో దీనికి సాటి లేదు. కానీ లెక్క చూడండి. ఒక రేర్ ఎర్త్ పరమాణువుకు ఒకటిన్నర ఆక్సలేట్ చాలు. ఒక అల్యూమినియం పరమాణువు మూడు దాకా మింగగలదు. మనం ముందు అనుకున్న 100 గ్రాములకు 5 గ్రాముల ద్రావణంలోనే ఆక్సాలిక్ ఆమ్లం ఖర్చు సగం దాకా పెరిగిపోవచ్చు. బయటికి పోయే నీరు ఆమ్లం, విషం. దాన్ని శుద్ధి చేయకుండా ఏటిలో వదిలిన చోటల్లా ఏమైందో గన్జౌ వాళ్ళు చెప్పగలరు. అక్కడ అమ్మోనియా పట్టిన వాగులను బాగుచేయడానికి ప్రభుత్వం ఇంకా డబ్బు పోస్తూనే ఉంది.

ఇప్పుడు మళ్ళీ మఫ్రఖ్ దగ్గరకు వద్దాం. తవీలా వైపు వెళదామా, రువైస్ వైపు వెళదామా?

తవీలాలో చేసేది బేయర్ పద్ధతి. వేడి కాస్టిక్ సోడాలో బాక్సైట్‌లోని అల్యూమినియం కరిగిపోతుంది, ఇనుము, రేర్ ఎర్త్స్ కరగకుండా రెడ్ మడ్‌లో ఉండిపోతాయి. ఆలోచిస్తే అల్యూమినియాన్నీ రేర్ ఎర్త్స్‌నూ వేరు చేసే అతిపెద్ద యంత్రం అదే, ఎవరూ ఆ దృష్టితో చూడరు గాని. అయినా మట్టిలో 15 శాతం దాకా అల్యూమినా మిగులుతుంది. మంచి రెడ్ మడ్ అనుకుని టన్నుకు ఒక కిలో రేర్ ఎర్త్ ఆక్సైడ్లు ఉన్నాయని లెక్కిద్దాం. చాలా చోట్ల అంత కూడా ఉండదు. ఆ టన్నులో అల్యూమినియం 80 కిలోల దాకా ఉంటుంది. మొత్తం ఆమ్లంలో కరిగిందంటే ఒక రేర్ ఎర్త్ పరమాణువుకు దాదాపు 500 అల్యూమినియం పరమాణువులు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క సల్ఫోసాలిసిలిక్ ముసుగు వేయాలంటే, కిలో రేర్ ఎర్త్స్ కోసం 640 కిలోల ఆమ్లం కావాలి. మూడో వంతే కరిగిందనుకున్నా 200 కిలోల పైమాటే. పిల్లి పెళ్ళికి ఏనుగు కట్నం. ఇనుము, టైటానియం, కాల్షియం సంగతి ఇంకా ఎత్తనేలేదు. రెడ్ మడ్‌లో వ్యాపారమంటూ ఉంటే అది స్కాండియంలో ఉంది, అదీ వేరే రకం సాల్వెంట్లతో. దామన్‌జోడిలోని నాల్కో మట్టి గురించి ఆశపడుతున్న మిత్రులు కూడా ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. బొగ్గు బూడిదకూ ఇదే వర్తిస్తుంది. అందులో అల్యూమినా నూటికి 20, 30 పాళ్ళు, రేర్ ఎర్త్స్ టన్నుకు కొన్ని వందల గ్రాములు.

రువైస్ వైపు చూస్తే పరిస్థితి కొంచెం మెరుగు. ఎఫ్‌సీసీ ఉత్ప్రేరకంలో రేర్ ఎర్త్ ఆక్సైడ్లు 1 నుంచి 3 శాతం దాకా ఉంటాయి, అంటే టన్నుకు 10 నుంచి 30 కిలోలు. సరుకు ఒక్కచోటే దొరుకుతుంది, తవ్వనక్కరలేదు, మన విశాఖ హెచ్‌పీసీఎల్‌లోనూ ఇలాంటి యూనిట్లున్నాయి. అల్యూమినా 30 నుంచి 50 శాతం ఉన్నా చాలావరకు కరగకుండా ఉంచవచ్చు. రసాయనశాస్త్రం ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది బజారు. ఇందులో ఉన్నదంతా లాంథనం, సీరియం. అవి ప్రపంచంలో కావలసినదానికంటే ఎక్కువే ఉన్నాయి. లాంథనం ఆక్సైడ్ కిలో ధర ఒక డాలర్ చుట్టుపక్కల తిరుగుతుంటుంది. అదే సమయంలో 2025 జూలైలో అమెరికా రక్షణ శాఖ ఎంపీ మెటీరియల్స్‌కు నియోడిమియం, ప్రసియోడిమియం ఆక్సైడ్‌కు కిలోకు 110 డాలర్ల కనీస ధర హామీ ఇచ్చింది. రెండూ రేర్ ఎర్త్సే. "రేర్ ఎర్త్స్ దొరికాయి" అన్న పతాక శీర్షిక చూసినప్పుడు ఏవి దొరికాయి అని అడగని పెట్టుబడిదారుడికి దేవుడే దిక్కు.

నా అభిప్రాయం దాచుకోవడం ఎందుకు? సంక్లిష్టకారులు గని తవ్వే పనిముట్లు కావు, మెరుగుపెట్టే గుడ్డలు. అల్యూమినియం రేర్ ఎర్త్ కంటే తక్కువగా ఉన్నప్పుడు, అసలు సరుకు డిస్ప్రోసియంలాంటిదైనప్పుడు వాటికి అర్థముంది. 100 గ్రాములకు 5 గ్రాముల ద్రావణంలో ఒకటికి ఒకటి చొప్పున సల్ఫోసాలిసిలిక్ ఆమ్లం వేస్తే కిలో రేర్ ఎర్త్స్‌కు 400 గ్రాములు అవుతుంది. సగానికి సగం తిరిగి పట్టుకోగలిగితే ఆ ఖర్చు భరించవచ్చు. లాంథనం కోసమైతే అది కూడా దండగే. కాబట్టి ముందు పీహెచ్‌తో మోటుగా తొంభై పాళ్ళు అల్యూమినియాన్ని దించేసి, చివరి పది పాళ్ళకు ముసుగు వేసే రెండంచెల పద్ధతే నిలబడుతుందని నాకనిపిస్తుంది. మొదటి అంచెలో జిగురు పట్టుకుపోయే సరుకును మళ్ళీ కడిగి తెచ్చుకోవడం దగ్గర లాభనష్టాలు తేలతాయి. ఆ కడిగే పనిలో ఎవరు నేర్పరులో వాళ్ళే వ్యాపారంలో నిలుస్తారు, పేటెంటులో కొత్త లైగాండ్ పేరు రాసుకున్నవాళ్ళు కాదు. లైనాస్ సంస్థ మలేషియాలో 2025 మేలో చైనా బయట మొదటిసారిగా వాణిజ్యస్థాయిలో డిస్ప్రోసియం ఆక్సైడ్ తీసిందంటే, దాని వెనుక పదేళ్ళకు పైగా ఒకే కర్మాగారాన్ని నడిపిన అనుభవం ఉంది.

మోనజైట్ విషయంలో మనకు ఈ పేచీ తక్కువ. అక్కడి తలనొప్పి థోరియం, ఫాస్ఫేట్. దాన్ని 1952 నుంచి కేరళలోని ఆలువాలో మనవాళ్ళు నేర్చుకుంటూ వచ్చారు. కానీ బంకమట్టి సరుకుతో మన దేశంలో ఏ కర్మాగారానికీ ఆ స్థాయి చేతివాటం లేదు. మయన్మార్ నమూనా విశాఖకో హైదరాబాద్‌కో వస్తే మొదటి ఆరు నెలలూ అల్యూమినియంతోనే గడుస్తాయి. మన ప్రవాసుల్లో తవీలాలో అల్యూమినేట్ ద్రావణాలు, ఫిల్టర్లు, చిక్కగట్టే ట్యాంకులు ఇరవై నాలుగు గంటలూ నడిపే అనుభవమున్న ఇంజనీర్లు ఉన్నారు. ఆ అల్యూమినియం జిగురు స్వభావం వాళ్ళకు తెలిసినంతగా రేర్ ఎర్త్ శాస్త్రవేత్తలకు తెలియదు. కారిడార్ కోసం సలహా సంఘాలు వేసేటప్పుడు అయస్కాంతాల నిపుణులను మాత్రమే పిలిస్తే ఈ విద్య బయటే ఉండిపోతుంది.

ఎవరైనా మీ దగ్గరకు ప్రాజెక్టు రిపోర్టు పట్టుకుని వస్తే అందులో కొన్ని అంకెలు వెతకండి. ద్రావణంలో రేర్ ఎర్త్స్ ఎంత, అల్యూమినియం ఎంత, అదీ మోల్స్‌లో. నియోడిమియం, డిస్ప్రోసియం, టెర్బియం వాటా విడిగా ఎంత. అల్యూమినియం తీసే దశలో పోయే సరుకు ఎన్ని శాతం, ఆ ముద్దను ఏం చేస్తారు. లైగాండ్‌ను తిరిగి పట్టుకుంటారా, లేక వ్యర్థజలంలో వదిలేస్తారా, ఆ నీరు ఏ వాగులోకి పోతుంది. ఈ పేజీ ఖాళీగా ఉండి, ప్రపంచ మార్కెట్ ఎన్ని వేల కోట్లో చెప్పే పేజీలు మాత్రం రంగుల్లో ఉంటే, టీ ఇచ్చి పంపించేయండి.